అమెరికాలో పైకి రావాలంటే డబ్బా, చరిష్మానా? రెండూ ఉంటే హ్యాపీగా ఉంటామా?

ప్రశ్న అడిగినాయన చెప్పింది క్లుప్తంగా ఇదీ. ఒహాయోలో ఉద్యోగం, నాలుగేళ్ళయింది, కోడింగ్‌లో టీమ్ మొత్తంలో తనని మించినోడు లేడు, కానీ తన తర్వాత చేరిన అమెరికన్ కుర్రాడు నవ్వుతూ నాలుగు మాటలు చెప్పి మేనేజర్ అయిపోయాడు. అసలు ఈ దేశంలో చరిష్మా ఉన్నోడిదా రాజ్యం, డబ్బున్నోడిదా, ఆ రెండూ సంపాదిస్తే మనిషి సంతోషంగా ఉంటాడా, రెండు లక్షల డాలర్లు పెట్టి ఎంబీఏ చేస్తే ఇదంతా వస్తుందా అని అడిగారు.

నేను ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు దాటిందండి. ఇచ్చిన ఇంటర్వ్యూల కన్నా తీసుకున్నవే ఎక్కువ, ఎవరికి ప్రమోషన్ ఇవ్వాలో తేల్చే మీటింగుల్లో కూడా చాలా ఏళ్ళు కూర్చున్నా, కాబట్టి కొంచెం పెద్దదే రాస్తా, ఓపికుంటే చదవండి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మీరు చరిష్మా అంటున్నదాంట్లో సగానికి పైగా భయం లేకపోవడమే. ఆ భయం లేకపోవడం వెనకాల చాలాసార్లు డబ్బుంటుంది, సొంత డబ్బో, అమ్మానాన్నల డబ్బో. మన పెద్దవాళ్ళు ఒక పక్క ధనమూలం ఇదం జగత్ అన్నారు, ఇంకో పక్క నోరు మంచిదైతే ఊరు మంచిది అన్నారు, ఇక్కడికొచ్చి చూస్తే ఆ రెండూ ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నాయి, అదీ సంగతి.

ఈ రెండూ విడివిడిగా కనపడేది ఎక్కువగా ఎలక్షన్లలోనే. మైకేల్ బ్లూంబర్గ్ సంగతి గుర్తుందా? న్యూయార్క్‌కి మూడుసార్లు మేయర్, ప్రపంచంలోని కుబేరుల్లో ఒకడు, 2020లో డెమోక్రాటిక్ పార్టీ తరఫున ప్రెసిడెంట్ అభ్యర్థి అవ్వడం కోసం సొంత జేబులోంచి వంద కోట్ల డాలర్ల పైన తగలేశాడు, టీవీ పెడితే ఆయన యాడే, ఫోన్ తెరిస్తే ఆయన యాడే. ఫిబ్రవరిలో లాస్ వేగాస్ డిబేట్‌లో మొదటిసారి స్టేజీ ఎక్కాడు, అదే పోటీలో ఉన్న సెనేటర్ ఎలిజబెత్ వారెన్ మొదటి నిమిషాల్లోనే ఉతికి ఆరేసింది, ఈయన మొహం చిట్లించుకుని నిలబడిపోయాడు. ఆఖరికి సూపర్ ట్యూస్‌డే నాడు, అంటే చాలా రాష్ట్రాలు ఒకేసారి అభ్యర్థికి ఓటేసే రోజు, ఆయన గెలిచింది ఒక్క అమెరికన్ సమోవా. పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉండే దీవులు అవి.

దానికి సరిగ్గా రివర్స్ బిల్ క్లింటన్. పుట్టకముందే తండ్రి కారు యాక్సిడెంట్‌లో పోయాడు, ఆర్కన్సాలో చిన్న ఊరు, ఆస్తులూ అంతస్తులూ ఏం లేవు. 1992 అక్టోబర్‌లో రిచ్‌మండ్‌లో ప్రెసిడెంట్ ఎలక్షన్ డిబేట్, జనం మధ్యలో కూర్చుని జరిగిన డిబేట్ అది. ఒకావిడ లేచి, ఈ దేశం అప్పు మీ సొంత జీవితాల మీద ఎలా పడింది అనడిగింది. అప్పటి ప్రెసిడెంట్ పెద్ద బుష్, అంటే సెనేటర్ కొడుకు, పెద్దింటి బిడ్డ, వాచీ చూసుకుంటూ కెమెరాకి దొరికిపోయాడు, తర్వాత ప్రశ్న సరిగ్గా అర్థం కాలేదన్నట్టు తడబడ్డాడు. క్లింటన్ కుర్చీలోంచి లేచి ఆవిడ దగ్గరికి నడిచెళ్ళి, మీ మీద ఎలా పడిందో మళ్ళీ చెప్పండి, ఉద్యోగాలు పోయినవాళ్ళు మీకు తెలుసు కదా అని ఎదురు ఆవిడనే అడిగాడు. యూట్యూబ్‌లో ఉంటుంది, చూడండి. ఆ రెండు నిమిషాల్లో ఆయన తన గొప్ప కన్నా మామూలు జనం కష్టాల గురించే ఎక్కువ చెప్పాడు. మనోళ్ళు చరిష్మా అనగానే డైలాగ్ కొట్టడం అనుకుంటారు, ఇక్కడ పనిచేసేది మాత్రం ఎక్కువగా ఎదుటివాడి మాట వినడమే.

అయితే ఇది చూసి అమెరికాలో నోరున్నోడే రాజు అనుకుంటే తప్పులో కాలేసినట్టే. ఎలక్షన్ అంటే కోట్ల మంది కళ్ళ ముందు జరిగే వ్యవహారం. మీ ఉద్యోగం, మీ పిల్లల కాలేజీ సీటు, మీ ప్రమోషన్, ఇవన్నీ తలుపులేసిన గదిలో ఏడెనిమిది మంది కూర్చుని తేలుస్తారు, ఆ గదిలో డబ్బు డబ్బులాగా కనపడదు, వేషం మార్చుకుని పర్సనాలిటీ లాగా కనపడుతుంది. ఇది నా సొంత కవిత్వం కాదు. హార్వర్డ్‌లో రాజ్ చెట్టి అని ఎకనమిస్ట్, ఢిల్లీలో పుట్టినాయన, ఆయనా ఇంకో ఇద్దరూ కలిసి 2023లో ఒక స్టడీ బయటపెట్టారు. ఐవీ లీగ్ అనే పేరుమోసిన ప్రైవేట్ యూనివర్సిటీలు ఎనిమిది, వాటికి తోడు స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో, మొత్తం పన్నెండు కాలేజీలు తీసుకున్నారు. ఎస్ఏటీలో, అంటే కాలేజీ ఎంట్రన్స్ పరీక్షలో, ఒకే స్కోరు వచ్చిన ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన పెడితే, టాప్ 1 శాతం ఆదాయం ఉన్న ఇంటి పిల్ల ఆ కాలేజీల్లో చదివే అవకాశం మధ్యతరగతి పిల్లతో పోలిస్తే రెండింతల పైనే. కారణాలు మూడు దొరికాయి వాళ్ళకి. అమ్మానాన్న అక్కడే చదివుండటం ఒకటి, స్పోర్ట్స్ రిక్రూట్‌మెంట్ ఇంకోటి, మూడోది చదువుతో సంబంధం లేని రేటింగులు, అంటే లీడర్‌షిప్పూ, యాక్టివిటీసూ, మనిషి తీరూ వగైరా. ఆ మూడోదే మన టాపిక్. ఖరీదైన ప్రైవేట్ స్కూల్లో చదివిన పిల్లకి కౌన్సెలర్ పది వాక్యాలు ప్రేమగా రాస్తాడు, ఐదొందల మంది పిల్లలకి ఒక్క కౌన్సెలర్ ఉండే గవర్నమెంట్ స్కూల్లో ఎవరు రాస్తారు? అమెరికన్లలో అరశాతం మంది కూడా ఆ పన్నెండు కాలేజీల్లో చదవరు, కానీ ఫార్చ్యూన్ 500, అంటే దేశంలో అతి పెద్ద కంపెనీల సీఈఓల్లో పదిశాతం పైన, సెనేటర్లలో పావువంతు మంది అక్కణ్ణించే వస్తారు.

మన పిల్లలకి నేరుగా తగిలే ముక్క ఇంకోటుంది. హార్వర్డ్ మీద కేసు విన్నారుగా, 2014లో వేశారు, 2023 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, అడ్మిషన్లలో జాతిని చూడటం కుదరదంది. ఆ కేసులో బయటికొచ్చిన కాగితాల్లో పర్సనల్ రేటింగ్ అని ఒకటుంది, మనిషి నలుగురికీ నచ్చేలా ఉన్నాడా, ధైర్యం ఉందా, దయ ఉందా, ఇలాంటివాటికి మార్కులన్నమాట. ఏషియన్ పిల్లలకి చదువులో ఎక్కువ, ఈ పర్సనల్ రేటింగ్‌లో మాత్రం తక్కువ. తమాషా ఏంటంటే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంటర్వ్యూ చేసిన పూర్వ విద్యార్థులు ఏషియన్ పిల్లలకి తెల్ల పిల్లలతో దాదాపు సమానంగానే వేశారు, చాలామందిని మొహం కూడా చూడకుండా ఫైలు మాత్రం చదివిన ఆఫీసు వాళ్ళే తక్కువేశారు. కావాలని వివక్ష చూపలేదని కింది కోర్టు జడ్జి 2019లో తేల్చింది, సరే, కానీ మనిషిని చూడకుండానే చరిష్మాకి మార్కులేయొచ్చు అన్నది మాత్రం తెలిసిపోయింది కదా.

ఉద్యోగాల్లోనూ ఇదే కథ. లారెన్ రివేరా అని సోషియాలజిస్టు, పెద్ద పెద్ద బ్యాంకులు, లా ఫర్మ్‌లు, కన్సల్టింగ్ కంపెనీలు మనుషుల్ని ఎలా తీసుకుంటాయో దగ్గరుండి చూసి 2012లో పేపర్ రాసింది. అక్కడ ఇంటర్వ్యూ చేసేవాళ్ళ మనసులో ఉండే పరీక్ష ఏంటో తెలుసా, మంచు తుఫానులో ఫ్లైటు క్యాన్సిలై ఎయిర్‌పోర్ట్‌లో ఇరుక్కుపోతే ఈ మనిషితో రాత్రంతా గడపగలనా అని. ఎవరితో గడపగలం? మనలాంటి వాడితో. వాడు స్క్వాష్ ఆడతాడు, నేనూ ఆడతాను, వాడు పడవల రేసుల్లో ఉండేవాడు, నేనూ ఉండేవాణ్ణి. ఆ ఆటలు నేర్చుకోడానికి ఎంత ఖర్చవుతుందో ఒకసారి లెక్కేసుకోండి, అప్పుడు చరిష్మా ధర ఎంతో తెలుస్తుంది.

ఇప్పుడు మీ ఆఫీసుకొద్దాం. ప్రమోషన్ మీటింగుల్లో నేను విన్నది ఇది. ఫలానా మనవాడి పేరు రాగానే, చాలా మంచి ఇంజనీర్, నమ్మి పని ఇవ్వొచ్చు, అంటారు, రెండు సెకన్లు సైలెన్సు, తర్వాత పేరుకి వెళ్ళిపోతారు. తర్వాత వచ్చే పేరు మీరు చెప్పిన ఆ అమెరికన్ కుర్రాడి లాంటి వాడిది, అతని గురించి అక్కడున్నవాళ్ళలో నలుగురికి ఏదో ఒక కథ తెలుసు, ఫలానా రివ్యూలో డైరెక్టర్ చెప్పింది కరెక్ట్ కాదని నవ్వుతూనే చెప్పాడు అని ఒకరు, కస్టమర్ కాల్‌లో తప్పు ఒప్పుకుని సారీ చెప్పి మళ్ళీ వాళ్ళనే నవ్వించాడు అని ఒకరు. అతనికి పని మీ అంత రాదు, నిజమే. కానీ డైరెక్టర్ని కాదనగలిగాడు. ఎందుకనగలిగాడు? ఉద్యోగం పోతే వాళ్ళ అమ్మ ఇంట్లో కింద గది ఖాళీగా ఉంది, ఆర్నెల్లు కూర్చుని ఇంకోటి వెతుక్కుంటాడు. మీకు? హెచ్‌వన్‌బీ మీద ఉద్యోగం పోతే అరవై రోజులు, అంతే, ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయకపోతే, స్టేటస్ ఇంకోటి మార్చుకోకపోతే సామాన్లు సర్దుకోవాలి, కారు లోను, అపార్ట్‌మెంట్ లీజు, ఇండియాలో నాన్నగారి పేరు మీద తీసుకున్న ఎడ్యుకేషన్ లోను, అన్నీ అలాగే ఉంటాయి. అంత బరువు నెత్తిన పెట్టుకుని ఎవడు నవ్వుతూ డైరెక్టర్ని కాదంటాడండీ?

నేను సరదాగా ఒక మాటంటుంటా, గ్రీన్‌కార్డ్ చేతికొచ్చిన వారానికే మనోడి ఇంగ్లీషు బాగుపడిపోతుంది అని. జోకే గానీ చాలామందిలో కళ్ళారా చూశా. అదే మనిషి, అదే యాస, కానీ మీటింగులో కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటాడు, తెలియనిది తెలియదంటాడు, మధ్యలో ఒక జోకేస్తాడు. కొత్తగా ఏ కోర్సూ చేయలేదు, భయం పోయిందంతే. మన ఇండియా లైను దశాబ్దాల పొడుగు కాబట్టి ఆ కార్డు కోసం మీరు ఆగలేరనుకోండి, అదే పని కొంతవరకు బ్యాంకులో డబ్బు చేస్తుంది. అక్కడికి తర్వాత వస్తా.

ఒక్క మాట, ఇలా అన్నానని చరిష్మా మొత్తం పుట్టుకతోనే అని చేతులెత్తేయకండి. వారెన్ బఫెట్‌కి కుర్రాడప్పుడు నలుగురిలో మాట్లాడాలంటే వాంతులొచ్చేంత భయం. ఇరవై దాటాక వంద డాలర్లు కట్టి డేల్ కార్నెగీ అనే ఆయన పేరు మీదున్న, నలుగురిలో మాట్లాడటం నేర్పే కోర్సు చేశాడు, ఇప్పటికీ ఆయన ఆఫీసులో కాలేజీ డిగ్రీల బదులు ఆ సర్టిఫికెట్టే గోడకుంటుంది. ఆ కార్నెగీ కూడా మిస్సోరిలో పేద రైతు కొడుకు, 1912లో న్యూయార్క్ వైఎంసీఏలో రాత్రి క్లాసులు చెప్పుకుంటూ మొదలెట్టాడు, అక్కడికొచ్చేవాళ్ళంతా సేల్స్ వాళ్ళూ గుమాస్తాలూనే. నలుగురిలో మాట్లాడటం ప్రాక్టీస్ చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులు కూడా అలాంటివే, 1924లో కాలిఫోర్నియాలో శాంటా అనాలో మొదలైంది, ఇప్పుడు ఐటీ ఏరియాల్లో ఏ క్లబ్‌కెళ్ళినా సగం మంది మన దేశం వాళ్ళే కనపడతారు, హైదరాబాద్‌లో కూడా బోలెడు క్లబ్బులు. ఇది నేర్చుకుంటే వచ్చేదే. పైగా అవసరం కూడా పెరిగింది, డేవిడ్ డెమింగ్ అనే ఎకనమిస్ట్ లెక్క ప్రకారం 1980 నుంచి 2012 దాకా మనుషులతో బాగా కలిసి చేయాల్సిన ఉద్యోగాల వాటా అమెరికాలో దాదాపు 12 పర్సెంటేజ్ పాయింట్లు పెరిగింది, లెక్కలు ఎక్కువ మాటలు తక్కువ ఉండే ఉద్యోగాల వాటా కాస్త తగ్గింది కూడా. రెండూ వచ్చినవాళ్ళకే గిరాకీ. మనకి లెక్కలు నేర్పించి పంపారు, మాటల్ని మాత్రం క్లాసులో మాట్లాడితే బెంచీ ఎక్కించి మరీ చంపేశారు.

చరిష్మా ఒక్కటే ఎక్కువైపోతే ఏమవుతుందో చెప్పకపోతే అన్యాయం. ఎలిజబెత్ హోమ్స్, 2003లో పందొమ్మిదేళ్ళప్పుడు స్టాన్‌ఫర్డ్ మానేసి థెరనోస్ అనే రక్త పరీక్షల కంపెనీ పెట్టింది, నల్ల టర్టిల్‌నెక్, కళ్ళార్పకుండా చూడటం, బొంగురు గొంతు, వేలి మీద రక్తపు చుక్కతో టెస్టులన్నీ చేసేస్తామంది. కిసింజర్, జార్జ్ షుల్జ్ లాంటి మాజీ విదేశాంగ మంత్రులు బోర్డులో కూర్చున్నారు, కంపెనీ విలువ 900 కోట్ల డాలర్లన్నారు, ఆఖరికి మెషినే పనిచేయలేదు, 2022లో పదకొండేళ్ళ పైన జైలు శిక్ష పడింది. ఆఫీసు స్థలాలు అద్దెకిచ్చే వీవర్క్ పెట్టిన ఆడమ్ న్యూమన్ అయితే 2019 మొదట్లో 4,700 కోట్ల డాలర్ల విలువ దాకా లాక్కెళ్ళాడు, అదే ఏడాది షేర్లు జనానికి అమ్మడానికి వేసిన ఐపీఓ కాగితాలు జనం చదివాక అంతా కూలింది, కంపెనీ 2023లో దివాలా తీసింది, ఆయన మాత్రం కోట్లతో బయటపడి 2022లోనే కొత్త కంపెనీకి ఒక పెద్ద ఇన్వెస్టర్ దగ్గర 35 కోట్ల డాలర్లు తెచ్చుకున్నాడు. గమనించాల్సింది ఏంటంటే హోమ్స్‌కి మొట్టమొదట పదిలక్షల డాలర్లు ఇచ్చిన ఇన్వెస్టర్ టిమ్ డ్రేపర్ ఆవిడ కుటుంబానికి తెలిసినవాడే, ఆవిడ చిన్నప్పటి ఫ్రెండ్ తండ్రి. ఆ మాటలే, ఆ చూపులే క్లీవ్‌లాండ్‌లో బస్ డ్రైవర్ కూతురు చూపిస్తే ఆ పదిలక్షలు ఎవరిచ్చేవాళ్ళు?

ఇంకో రకం కూడా ఉంది, మనకి దగ్గరిది. సత్య నాదెళ్ల. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్, మణిపాల్, మిల్వాకీలో ఎంఎస్. 1992లో మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూలో ఒకాయన, రోడ్డు మీద పసిపాప పడి ఏడుస్తుంటే ఏం చేస్తావు అనడిగితే 911కి, అంటే ఎమర్జెన్సీ నంబర్‌కి, ఫోన్ చేస్తా అన్నాడంట, ఆయన భుజం మీద చెయ్యేసి, ముందు బిడ్డనెత్తుకోవాలయ్యా అన్నాడంట. ఈ కథ నాదెళ్ల స్వయంగా చెప్పుకున్నదే. స్టేజీ మీద గెంతులేసి అరిచే పాత సీఈఓ స్టీవ్ బామర్ తర్వాత 2014లో ఈ నెమ్మదస్తుడు సీఈఓ అయ్యాడు, కంపెనీ విలువ సుమారు 30 వేల కోట్ల డాలర్ల నుంచి పదేళ్ళలో 3 లక్షల కోట్లు దాటింది. గొంతు పెంచకుండా కూడా జనాన్ని వెంట తిప్పుకోవచ్చు, అయితే ఆయనకి ఇరవై రెండేళ్ళు పట్టింది, ఆయన తండ్రి ఐఏఎస్ ఆఫీసర్, అది కూడా మర్చిపోవద్దు.

ఇక సంతోషం. ఇక్కడ జనం రెండు మాటలు చెప్తుంటారు, డబ్బుతో సంతోషం రాదని ఒకటి, డెబ్బై ఐదు వేల డాలర్లు దాటితే ఇంక పెరగదని ఒకటి. రెండోది కానెమన్, డీటన్ 2010లో రాసిన పేపర్ నుంచి వచ్చింది, ఇద్దరూ నోబెల్ వాళ్ళే. వాళ్ళన్నది రోజువారీ మూడ్ గురించి, అది ఏడాదికి 75 వేల డాలర్ల దగ్గర ఆగిపోతుందని, నా జీవితం మొత్తం మీద బాగుంది అనే తృప్తి మాత్రం పెరుగుతూనే ఉంటుందని. జనం సగమే గుర్తుపెట్టుకున్నారు. 2021లో కిల్లింగ్స్‌వర్త్ అనే కుర్ర సైంటిస్టు, ముప్పై మూడు వేల మంది ఫోన్లకి రోజులో ఎప్పుడు పడితే అప్పుడు మెసేజ్ కొట్టి ఇప్పుడెలా ఉంది మీకు అనడిగాడు, మూడ్ కూడా పెరుగుతూనే ఉందని తేల్చాడు. అప్పుడు కానెమన్ గొడవ పడకుండా, రా ఇద్దరం కలిసి చూద్దాం అన్నాడు (ఆ వయసులో ఆ పెద్దమనిషికి ఉన్న వినయం నాకు భలే నచ్చింది, 2024లో పోయాడు పాపం). 2023లో తేలింది ఏంటంటే, చాలామందికి ఆదాయంతో పాటు సంతోషం పెరుగుతుంది, కానీ అందరికన్నా దిగులుగా ఉన్న ఇరవై శాతం మందికి లక్ష డాలర్ల దాకా పెరిగి అక్కడ ఆగిపోతుంది. అంటే గుండె పగిలినోడికి, డిప్రెషన్‌లో ఉన్నోడికి, బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళకి డబ్బు కొంతదూరమే తోడొస్తుంది. ఇంకోటి, ఈ పెరుగుదల రెట్టింపుల లెక్కలో ఉంటుంది, 50 వేలు లక్ష అయితే ఎంత ఆనందమో అంతే ఆనందం మళ్ళీ రావాలంటే లక్ష రెండు లక్షలు కావాలి, తర్వాత నాలుగు లక్షలు. తర్వాతి రెట్టింపు కోసం మీరు ఏం అమ్ముకుంటున్నారో చూసుకోవాలి.

అమెరికాలో డబ్బు కొనిచ్చే అసలు సరుకు లగ్జరీ కాదు, కంగారు లేకపోవడం. ఇక్కడి సెంట్రల్ బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఏటా సర్వే చేస్తుంది, సడన్‌గా 400 డాలర్ల ఖర్చొస్తే చేతిలో డబ్బుతో కట్టగలరా అని, 2023లో కట్టగలం అన్నవాళ్ళు 63 శాతం. మిగతా వాళ్ళు కార్డు గీకాలి, అప్పు చేయాలి, ఏదో అమ్మాలి. ఇన్సూరెన్స్ ఉద్యోగానికి కట్టేసి ఉండే దేశంలో, అంబులెన్స్ ఎక్కే ముందు బిల్లు గురించి ఆలోచించే దేశంలో, బ్యాంకులో ఆర్నెల్ల ఖర్చు ఉండటమంటే మామూలు విషయం కాదు.

మరి మనవాళ్ళ సంగతి? అమెరికాలో మామూలు కుటుంబం మధ్యస్థ ఆదాయం 2023లో 80 వేల డాలర్ల చిల్లర, ఇండియన్ కుటుంబాలది సుమారు లక్షన్నర. ఆ లెక్కన మనం ఎగిరి గంతెయ్యాలి. కానీ డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఏ తెలుగువాళ్ళ గృహప్రవేశానికైనా వెళ్ళి మగాళ్ళు నిలబడ్డ మూల ఐదు నిమిషాలు నిలబడండి, మాటలన్నీ ఎవరిల్లు ఎన్ని స్క్వేర్ ఫీట్లు, వడ్డీ రేటు ఎంతలో లాక్ చేశాడు, ఎవరి పిల్లాడికి ఎక్కడ సీటొచ్చింది, ఇవే. మనం పోల్చుకునేది ఒహాయో మొత్తంతో కాదు, పక్క సందులో రెండో ఇంటి తెలుగాయనతో. దానికి తోడు రాత్రి రెండింటికి ఇండియా నుంచి ఫోన్ మోగితే గుండె ఆగినంత పనవుతుంది, వీసా స్టాంపింగ్ భయంతో నాన్నగారి చివరి చూపుకి కూడా వెళ్ళలేకపోయినవాళ్ళు నాకు తెలుసు. ఏ జీతం దీన్ని సరిచేస్తుందండి.

చరిష్మా సంతోషాన్నిస్తుందా అంటే, కొంతవరకు ఇస్తుంది. కలుపుగోలుగా ఉండేవాళ్ళు సగటున ఎక్కువ హుషారుగా ఉంటారని చాలా రీసెర్చ్ ఉంది. షికాగో లోకల్ రైళ్ళలో ఒక ప్రయోగం చేశారు, 2014లో వచ్చింది, కొంతమందిని పక్క సీటు మనిషితో మాటలు కలపమన్నారు, కొంతమందిని ఎవరితో మాట్లాడకుండా కూర్చోమన్నారు. మౌనంగా కూర్చోవడమే హాయి అని ముందు అందరూ అనుకున్నారు, తీరా చూస్తే మాట్లాడినవాళ్ళ ప్రయాణమే బాగా గడిచింది. మనకి ఇది కొత్త కాదు, విజయవాడ నుంచి సికింద్రాబాద్ వచ్చేలోపు పక్క సీటాయన కూతురి పెళ్ళి సంబంధాలు కూడా మనకి తెలిసిపోతాయి, ఇక్కడికొచ్చాకే ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం నేర్చుకున్నాం.

కానీ అందరికీ నచ్చడం వేరు, ఎవరో ఒకరికి మన గుట్టంతా తెలిసుండటం వేరు. 1938లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న హార్వర్డ్ స్టడీ ఒకటుంది, కొంతమంది మగపిల్లల్ని ముసలివాళ్ళయ్యే దాకా వెంబడించింది, అందులో హార్వర్డ్ కుర్రాళ్ళూ ఉన్నారు, బోస్టన్ పేటల్లో పేద ఇళ్ళ పిల్లలూ ఉన్నారు. యాభై ఏళ్ళ వయసులో దగ్గరి బంధాలతో తృప్తిగా ఉన్నవాళ్ళే ఎనభైలో ఆరోగ్యంగా ఉన్నారు, కొలెస్ట్రాల్ కన్నా అదే ఎక్కువ చెప్పగలిగింది. ఆఫీసులో ఎంత వెలిగినోడు అన్నది అంతగా పనికి రాలేదు. ఇప్పుడీ దేశాన్ని చూడండి, లిఫ్టులో కూడా నవ్వుతూ హౌ ఆర్ యూ అంటారు, కానీ 2025 వరల్డ్ హ్యాపీనెస్ రిపోర్టులో అమెరికా 24వ స్థానం, 2023లో నలుగురిలో ఒకరు ముందు రోజు అన్ని పూటలా ఒంటరిగానే తిన్నామన్నారు, అది 2003తో పోలిస్తే 53 శాతం పెరుగుదల. నవ్వుకీ తోడుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో అందులోనే కనపడుతోంది. మీ టీమ్ లో మేనేజర్ అయిన ఆ కుర్రాడు శనివారం రాత్రి ఎవరితో తింటున్నాడో మీకు తెలియదు, కాబట్టి అతని సంతోషం గురించి అసూయ అప్పుడే వద్దు.

మీరేం చేయాలంటే, నేనైతే వరస ఇలా పెడతా. ముందు డబ్బు, అది కూడా పెద్ద డబ్బు కాదు, ఆర్నెల్ల ఖర్చు పక్కన, 401కేలో, అంటే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో, మీరు వేసినదానికి తోడు కంపెనీ ఇచ్చే మ్యాచ్ మొత్తం తీసుకోవడం, కార్డు అప్పు సున్నా. టెస్లా తర్వాత. అది చేతిలో ఉంటే మీ గొంతులో వచ్చే మార్పు మీకే తెలుస్తుంది. తర్వాత ప్రతి మీటింగులో మొదటి ఐదు నిమిషాల్లో ఒక్క ప్రశ్న అడగండి, చివరిదాకా ఆగితే ఇంక అడగరు, ఆ సంగతి మీకూ తెలుసు. చేసిన పని నెలకోసారి మేనేజర్‌కి నాలుగు లైన్లలో రాసి పంపండి, అది గొప్పలు చెప్పుకోవడం అనుకుంటారు మనోళ్ళు, ప్రమోషన్ గదిలో మీ గురించి చెప్పడానికి ఆయనకి ఒక కథ కావాలి, ఆ కథ మీరివ్వాలి. మధ్యాహ్నం డెస్క్ దగ్గర పెరుగన్నం డబ్బా తెరవకుండా వారంలో రెండు రోజులైనా ఎవరో ఒకరితో కూర్చుని తినండి, అదే పెరుగన్నం, సిగ్గేం లేదు. రాజ్ చెట్టి వాళ్ళు 2022లో కోట్ల మంది ఫేస్‌బుక్ స్నేహాల్ని చూసి తేల్చింది కూడా ఇలాంటిదే, ఒక ఊళ్ళో పేదింటి పిల్లలు పైకొస్తారా లేదా అన్నది అక్కడ పేదవాళ్ళకి డబ్బున్నవాళ్ళతో ఎన్ని స్నేహాలున్నాయో దాన్నిబట్టి బాగా తెలిసిపోతోంది. మనవాళ్ళు మనవాళ్ళతోనే తిని, మనవాళ్ళతోనే క్రికెట్ ఆడి, ఆఫీసులో ఎవరూ పట్టించుకోవట్లేదు అంటే ఎలా?

ఎంబీఏ సంగతి. టాప్ స్కూల్లో రెండేళ్ళ కోర్సుకి ఫీజు, ఉండటం, తినడం అన్నీ కలిపి రెండు లక్షల డాలర్లు ఈజీగా దాటుతుంది, పైగా రెండేళ్ళ జీతం పోతుంది. అక్కడ దొరికేది చదువు కన్నా మనుషులు, అది నిజంగా విలువైందే, కాదనను. కానీ ఇంత చదివాక మీకే అర్థమై ఉండాలి, నోరు తెరవడానికి భయం తగ్గాలి, నెత్తిన ఇంకో రెండు లక్షల అప్పు పెట్టుకుంటే భయం పెరుగుతుందా తగ్గుతుందా? స్కాలర్‌షిప్ సగానికి పైన వస్తే వెళ్ళండి, ఊళ్ళో ఇల్లు తాకట్టు పెట్టి మాత్రం వద్దు. పని చేస్తూనే చదివే పార్ట్‌టైమ్ ఎంబీఏలు ఒహాయోలో కూడా ఉన్నాయి, చాలా కంపెనీలు ఏడాదికి 5,250 డాలర్ల దాకా ట్యాక్స్ పడకుండా ఫీజు వెనక్కిస్తాయి, మీ హెచ్‌ఆర్ పోర్టల్‌లో ట్యూషన్ అని కొట్టి చూడండి, అక్కడ ఏముందో ఇక్కడ రాస్తే ఏ ప్రోగ్రామ్ మీ వీసాకి సరిపోతుందో మిగతాది మాట్లాడదాం.